ఆరో బుడ్డి

తిరుమణిలో నారప్ప ఇంటి పెరట్లో చెక్క గది లేచిన నాటి నుంచి ఊళ్ళో వాళ్ళకు నవ్వుకోవడానికి ఒక వంక దొరికింది. ఎండను నమ్ముకొని పొలాలన్నీ సోలార్ పలకలకు గుత్తకిచ్చిన ఊరు అది. శివరాత్రి దాటితే చాలు, మధ్యాహ్నం పూట కాకి కూడా నీడ వెతుక్కుంటుంది. అట్లాంటి ఊళ్ళో ఒక మనిషి చెమట పట్టించుకోవడానికి పనిగట్టుకొని గది కట్టిస్తే ఎవరు ఊరుకుంటారు?

"నారప్పా, బేకరీ ఎప్పుడు తెరుస్తావప్పా? తొలి బన్ను నాకే" అన్నాడు ఒకడు.

"ఎండ అమ్ముకునే ఊర్లో ఉడుకు కొనుక్కునే మొనగాడు ఈయప్ప ఒక్కడే" అన్నాడు ఇంకొకడు.

ఆ గది ఎందుకో నారప్పకు తెలుసు.

కూతురు సౌభాగ్య తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. పావగడ ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టి నెలా పదిహేను రోజులయింది. బాలింతకు, వాళ్ళ మాటలో బాణంతికి, మూడు నెలలు పుట్టింట్లోనే నూనె పట్టించి, బానెడు వేణ్ణీళ్ళు పోసి, కంబళి కప్పి చెమట పట్టించడం ఆ వైపు ఆనవాయితీ. అది తల్లి చేయవలసిన పని. కూతురి పెళ్ళి ఖాయమైన నాడే నారప్ప భార్య అంజనమ్మ ఆ సంగతి తేల్చి చెప్పింది. "పాప కాన్పు మనింట్లోనే. మూడు నెల్లూ ఈడనే. ఒక్క దినం తగ్గేదానికి లేదు." అట్లా చెప్పి ఊరుకోలేదు. కొత్త కంబళి ఒకటి కొని పెట్టెలో దాచింది. ఆ కంబళి మడత విప్పకముందే ఆమె పోయింది. పదునాలుగు నెలలయింది.

ఇన్నాళ్ళూ పక్కింటి కాటమ్మ వచ్చి నీళ్ళు పోసింది. ఇప్పుడు ఆమె మనవరాలికే నెలలు నిండి, ఆమె అరసికెరెకు వెళ్ళిపోవలసి వచ్చింది. ఆ సంగతి మంగళవాడలో ఉన్న వియ్యపురాలు నరసక్క చెవిన పడడానికి ఒక పూట కూడా పట్టలేదు. ఫోన్ వచ్చింది.

"నారప్పన్నా, వచ్చే గురువారం వస్తా ఉండాను. కోడల్నీ బిడ్డనూ తీసకపోతా."

"మూడో నెల నిండలేదు గదా అక్కా."

"నిండేదాకా నీళ్ళెవురు పోస్తారప్పా? నువ్వు పోస్తావా? నీ కొడుకు పోస్తాడా? ఇద్దురు మగోళ్ళుండే ఇంట్లో బాణంతిని ఎట్ల పెట్టుకుంటావు?"

ఆమె మాట గట్టిదే గాని తప్పు కాదు. నారప్ప ఫోన్ పెట్టేసి, కంబళి ఉన్న పెట్టె వైపు చూశాడు.

కొడుకు నందీష్ సోలార్ పార్కులో టెక్నీషియన్. పలకలు దించుకున్నాక మిగిలే చెక్కలు అక్కడ గుట్టలుగా పడి ఉంటాయి. చెదల మందు పూయని దేవదారు చెక్క చూసి ఏరి తెచ్చాడు. చిత్రిక పట్టి, ఎండబెట్టి, నలుగురు కూచునేంత గది బిగించాడు. ఆవిరితో చెమట పట్టించే అట్లాంటి గదిని సౌనా అంటారని చెప్పాడు. ఒక మూల ఇనుప పొయ్యి, దాని మీద నాగలమడక దగ్గర పెన్న ఒడ్డున ఏరుకొచ్చిన గుండు రాళ్ళు. ఆ రాళ్ళను ముందు పెరట్లో కాల్చి చూస్తే రెండు రాళ్ళు టపాకాయల్లా పేలి కోళ్ళను అటకెక్కించాయి. పేలనివి గదిలోకి పోయాయి. గోడకు జానెడు కిటికీ పెట్టాడు, అందులోంచి ఒక గొట్టం రాళ్ళ మీదికి. లోపల ఆడవాళ్ళు కూచుంటే బయట నుంచే మగవాళ్ళు నీళ్ళు పోయవచ్చు.

"ఇంగ వేణ్ణీళ్ళు కాంచే పని లేదు, కంబళి కప్పే పని లేదు నాయనా. చెల్లెలు పోయి కూచుంటే చాలు, చెమట దానంతట అదే పడతాది."

"నరసక్క ఒప్పుకోవాల గదరా."

"ఒక్కసారి లోపల కూచోబెడదాం. ఆయమ్మే ఒప్పుకుంటాది."

ఆరోగ్య కేంద్రం నర్సు వచ్చి చూసి పోయింది. ఆరు వారాలు దాటాయి కాబట్టి ఐదు నిమిషాలు, అదీ సన్నని వేడిలో కూచోవచ్చునంది. ముందూ వెనకా నీళ్ళు బాగా తాగాలంది. పసిబిడ్డను మాత్రం లోపలికి తీసుకుపోకూడదు. ఘాటైన వాసనలేవీ బిడ్డ దగ్గరికి రానీయకూడదు.

వాసనల మాట ఎందుకొచ్చిందంటే, నందీష్ బొటనవేలంత వాసన నూనె బుడ్లు ఆరు తెప్పించాడు. ఒక్కొక్కటే తండ్రికి చూపించాడు.

"ఇది నీలగిరి. ఇది పెప్పర్‌మింట్. ఇది నిమ్మగడ్డి. ఇది లావెండర్. ఇది చందనం. చెంబు నీళ్ళలో నాలుగే చుక్కలేసి గొట్టంలో పొయ్యాల. ఒట్టి నూనె రాళ్ళ మీద పడితే భగ్గుమంటాది. ఒంటికి అస్సలు పూయొద్దు. ఇంటాండావా నాయనా?"

"ఊఁ."

ఆరో బుడ్డి పేరు నందీష్ చెప్పలేదు. తండ్రి చేతిలో పెట్టి, పొయ్యిలో కట్టెలు సర్దడానికి పోయాడు. నారప్ప దాని మీది అక్షరాలు కూడబలుక్కున్నాడు. దవనం.

అంజనమ్మ బావి గట్టు మీద ఒక వరస దవనం వేసేది. పొద్దున్నే ఒక రెబ్బ తుంచి కనకాంబరాలతో కలిపి కొప్పులో పెట్టుకునేది. ఆమె గడప దాటక ముందే ఆ వాసన ఇంట్లోకి వచ్చేది. ఆ బావి గట్టు ఇప్పుడు పలకల కింద ఉంది. రెండో బ్లాకు, ఏడో వరస అని నందీష్ ఒకసారి చెప్పాడు.

నారప్ప బుడ్డి మూత తియ్యలేదు. గోడ గూట్లో, అంజనమ్మ దువ్వెన పక్కన పెట్టాడు.

గురువారం వచ్చింది. నందీష్ పదకొండింటికి సీమజాలి కట్టెలు పేర్చి పొయ్యి రాజేసి, తాగే నీళ్ళ క్యాన్ తేవడానికి బండి మీద పోయాడు. సౌభాగ్య లోపల బిడ్డకు పాలిస్తోంది. బాలింతను పంపే ముందు తాను ఒకసారి కూచొని చూడడం తండ్రిగా తన ధర్మమనిపించింది నారప్పకు.

పంచె విప్పి నిక్కరుతో నిలబడ్డాడు. బుడ్ల పెట్టె తీశాడు. కొడుకు చెప్పిన మాటలు గుర్తున్నాయి. కానీ అరవై రెండేళ్ళుగా శనివారం శనివారం తలకూ ఒంటికీ నూనె పట్టించుకున్న మనిషి అతను. నూనె ఉన్నది ఒంటికి. రాళ్ళకు నూనె పోసే వాళ్ళను అతను దేవుడి గుళ్ళో తప్ప చూడలేదు. వీడు చిన్నవాడు, చదివి పొరపాటు పడి ఉంటాడు అనుకున్నాడు. పెట్టెలో ఉన్న ఐదింటిలో ఏది మెత్తనిదో వాసన చూశాడు. పెప్పర్‌మింట్ బుడ్డి నుంచి పిల్లలు చప్పరించే బిళ్ళల వాసన వచ్చింది. పిల్లలు తినేది పెద్దవాణ్ణి ఏం చేస్తుంది? మూతి లోపలి అడ్డును పంటితో పీకి, బుడ్డెడూ అరచేతిలో వంపుకొని, రొమ్ముకు, వీపుకు అందినంత మేర, తొడలకు బాగా మర్దనా చేసుకొని గదిలోకి పోయి కూచున్నాడు.

మొదట హాయిగా ఉంది. వెనకటి రోజుల్లో ముసురు పట్టినప్పుడు వీచే గాలిలా ఉంది. కొడుకు గట్టివాడే అనుకున్నాడు. ఆ అనుకోవడం పూర్తి కాకముందే ఒళ్ళంతా ఒకేసారి మంచూ నిప్పూ పడ్డట్టయింది. తలుపు తోసుకొని బయటపడ్డాడు. ఎద్దుల తొట్టి కనిపించింది. దూకాడు.

నీళ్ళు తగలగానే పెప్పర్‌మింట్ ఇంకా రేగింది. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి.

"చలి! సౌభాగ్యా, చలి పెడతాందమ్మా! కంబళి తే!"

పన్నెండు గంటల ఎండ. తొట్టి అంచు చెయ్యి పెడితే కాలేలా ఉంది. ఆ తొట్టిలో నారప్ప వణుకుతున్నాడు. సౌభాగ్య కంగారుగా పెట్టె తెరిచి చేతికి అందిన కంబళి తెచ్చి కప్పింది. అది అంజనమ్మ దాచిన కంబళి.

సరిగ్గా అప్పుడే ఊరి ఆటో డ్రైవరు ధనంజయ బండి వచ్చి గేటు ముందు ఆగింది. నరసక్క దిగింది. ఆటో కమ్మీ పట్టుకొని, మోకాలు పట్టుకొని, కొంగు పట్టుకొని దిగింది. తల ఎత్తి చూస్తే తొట్టిలో వియ్యంకుడు కంబళి కప్పుకొని కూచున్నాడు.

"ఏందప్పా నారప్పన్నా? మలేరియానా?"

"క-కాదక్కా. నూ-నూనె."

"నూనెకు ఎవురన్నా వణుకుతారా?"

అంతలో నందీష్ క్యానుతో వచ్చాడు. ఖాళీ బుడ్డి చూశాడు, తండ్రిని చూశాడు, క్యాను కింద పెట్టి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"బుడ్డెడూనా నాయనా? అది యాభై మందికి సరిపోతాది!"

నరసక్క సంగతి విన్నది. బుడ్డి వాసన చూసి ముక్కు చిట్లించింది. తర్వాత నడుముకు కొంగు బిగించింది. ఆమెకు అర్థం కాని సంగతులు ఎన్నో ఉండవచ్చు గాని నూనె మాత్రం అర్థమవుతుంది.

"నీళ్ళల్లో నాని ఏం లాభం? నూనెకు నూనే విరుగుడు. రేయ్ నందీషా, చెనిక్కాయ నూనె తెచ్చి మీ నాయనకు బాగా పట్టు. గుడ్డతో తుడువు. ఆమీట సీకాయ పెట్టి రుద్దు. మూడుసార్లు రుద్దల్ల. ఆ వాసన పోయేదాకా బిడ్డను ముట్టేదానికి లేదు, చెప్తా ఉండా."

నందీష్ తండ్రిని తొట్టిలోంచి లేపి నూనె పట్టిస్తుంటే నరసక్క అరుగు మీద కూచొని చూసింది. మొదట పెదవి బిగబట్టింది. తర్వాత భుజాలు కదిలాయి. ఆపైన ఇక ఆగలేదు.

"అయ్యో దేవుడా! పావగడలో చలికి వణికిన మొగోణ్ణి చూసినా! ఇంగ నేను ఎప్పుడు పోయినా ఫర్వాలేదు!"

గడపలో సౌభాగ్య నవ్వింది. కడుపు పట్టుకొని, గోడకు ఆనుకొని, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వింది. "నగించొద్దత్తా, నొప్పి" అంటూనే నవ్వింది. నారప్ప నూనె ఓడుతున్న ముఖంతో తల తిప్పి చూశాడు. ఆ ఇంట్లో అట్లాంటి నవ్వు విని పదునాలుగు నెలలయింది. ఒళ్ళు మండుతున్నా అతనికీ నవ్వొచ్చింది.

భోజనాలయ్యాయి. నరసక్క చేతి గడియారం చూసుకుంది.

"ఒకటిన్నర నుంచి రాహుకాలం. మూడు దాటినాక బయల్దేరదాం. పాపా, గుడ్డలు సర్దుకో."

సౌభాగ్య తండ్రి వైపు చూసింది.

"అక్కా, గది చేసినాము. చూసినావు గదా" అన్నాడు నారప్ప.

"చూసినా. ఆ గది నీకేం చేసిందో గూడా చూసినా."

"అది నా తప్పు. గది తప్పు కాదు."

"సరే, గది మంచిదే అనుకో. అన్నా, బాణంతి వీపుకు నూనె ఎవురు పట్టిస్తారు? గది పట్టిస్తాదా? నడుము ఎవురు తొక్కుతారు? దిగులుగా కూచుంటే తల ఎవురు నిమురుతారు?"

ఆ ప్రశ్న ఫోన్ వచ్చిన నాటి నుంచి నారప్ప తనకు తానే వేసుకుంటూ ఉన్నాడు.

మధ్యలో నందీష్ కలగజేసుకున్నాడు. "అత్తా, రాహుకాలం అయ్యేదాకా ఊరికే కూచోవడం ఎందుకు? ఆ మోకాళ్ళకు పది నిమిషాలు ఉడుకు చూపించు. బీపీ గీపీ ఏమన్నా ఉండాదా?"

"నాకా? నేను ఇంగొకరికి తెప్పిస్తా."

"అయితే రా."

నరసక్క ఎన్ని వంకలు పెట్టాలో అన్నీ పెట్టి, పాత నూలు చీర కట్టుకొని లోపలికి పోయింది. తలుపు వేసుకుంది. నందీష్ చెంబు నీళ్ళలో నిమ్మగడ్డి నూనె నాలుగు చుక్కలు వేసి గొట్టంలో పోశాడు. లోపల రాళ్ళు బుస్సుమన్నాయి.

"అమ్మో! ఏందిది?" అన్న కేక వినిపించింది. తర్వాత కిటికీలోంచి గొంతు, ఇందాకటి కంటే మెత్తగా: "నిమ్మగడ్డి గదరా ఇది?"

"అవునత్తా. చాలా?"

"చాలని ఎవురన్నారు? ఇంగో చెంబు పొయ్యి."

పది నిమిషాలయింది. నందీష్ తలుపు తట్టాడు.

"నీ గడియారం ముందుకు పోతాది, పో" అని లోపలి నుంచి జవాబొచ్చింది. బలవంతం మీద బయటికి పిలిచి, రెండు చెంబుల నీళ్ళు తాగించి, నీడలో కూచోబెట్టాడు. ఆమె ముఖం కడిగిన రాగి చెంబులా ఉంది. కాసేపటికి మళ్ళీ పోతానంది. రెండోసారి బయటికి వచ్చినప్పుడు మూడు దాటింది. చెప్పిన వేళకు మళ్ళీ ఆటో తెచ్చి, బయట ధనంజయ హారన్ కొడుతున్నాడు. నరసక్క మెట్టు దిగింది. దిగిన తర్వాత ఆగి, వెనక్కి తిరిగి మెట్టును చూసుకుంది. గోడ పట్టుకోకుండా దిగింది మరి.

కాళ్ళను ఒకటి తర్వాత ఒకటి మడిచి చూసుకొని, ఆమే అంది:

"కోడల్ని ఒకసారి కూచోబెట్టి చూద్దాం. ఎట్లాగూ పోతా ఉండాము గదా. నూనె నేను పట్టిస్తా. ఇంట్లో నువ్వుల నూనె ఉండాదా? ఆ బుడ్ల జోలికి పోయినావంటే చూడు."

పొయ్యి కట్టెలు లాగి వేడి తగ్గించారు. సౌభాగ్య నీళ్ళు తాగి అత్త వెంట లోపలికి పోయింది. నందీష్ బిడ్డను ఎత్తుకొని పడసాలలో తిరుగుతున్నాడు. నారప్పకు బిడ్డను ముట్టే యోగం ఆ రోజు లేదు కాబట్టి కిటికీ దగ్గర చెంబుతో నిలబడ్డాడు.

ఏ బుడ్డి తీసుకోవాలో అతను ఆలోచించలేదు. లోపలికి పోయి, గూట్లోంచి ఆరోది తెచ్చాడు. మూత తిప్పాడు. చెంబులో చుక్కలు వేశాడు. నాలుగు అన్నాడు కొడుకు. రెండే వేశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

పెప్పర్‌మింట్. ఒళ్ళంతా, గాలంతా పెప్పర్‌మింటే. సీకాయతో మూడుసార్లు రుద్దినా పోలేదు. దాని కింద ఇంకేదీ అందలేదు. మళ్ళీ చూశాడు. అందలేదు.

చెంబు గొట్టంలో ఒంపాడు. రాళ్ళు సన్నగా బుస్సుమన్నాయి.

లోపల ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. నరసక్క ఏదో చెబుతోంది, సౌభాగ్య ఊఁ కొడుతోంది. ఉన్నట్టుండి ఇద్దరి మాటా ఆగింది.

నారప్ప చెంబు పట్టుకొని నిలబడ్డాడు. పలకల మీద నుంచి వచ్చే ఎండ గోడ మీద పడి మెరుస్తోంది.

"నాయనా" అంది సౌభాగ్య లోపలి నుంచి. "ఇది ఎన్నో బుడ్డి?"

"ఆరోది."



"వస్తా ఉండాదా అమ్మా, వాసన?" అని మళ్ళీ అతనే అడిగాడు. "నాకు తెలీడం లేదు."

"వస్తా ఉండాది నాయనా. బాగా వస్తా ఉండాది."

అతను తల ఊపాడు. లోపలి వాళ్ళకు అది కనిపించదని తర్వాత గుర్తొచ్చింది.

కొంతసేపటికి నరసక్క గొంతు వినిపించింది. మామూలు కంటే ఒక మెట్టు తక్కువగా ఉంది. "అంజనమ్మ వదిన నీ పెండ్లి మాటలకు వచ్చినప్పుడు నా తలలో ఇదే పెట్టింది. విత్తనం గూడా ఇచ్చింది, కాగితంలో కట్టి. ఏటా గింజ పట్టి, మళ్ళీ చల్లుతా ఉండాను. మా దొడ్లో ఇప్పుడు గూడా ఉండాది."

"దవనమా?" అన్నాడు నారప్ప.

"దవనం గాక ముళ్ళవంకాయా? వీపు ఇట్ల తిప్పు పాపా."

ఐదు నిమిషాలు అయ్యాయి. సౌభాగ్య తుడుచుకొని, చీర మార్చుకొని, ఎర్రబడ్డ ముఖంతో వచ్చి అరుగు మీద కూచుంది. నందీష్ బిడ్డను ఒళ్ళో పెట్టాడు. బిడ్డ తల్లి చీరలోకి ముక్కు దూర్చి నిద్రపోయింది. గేటు దగ్గర హారన్ మళ్ళీ మోగింది.

నరసక్క బయటికి నడిచింది.

"ధనంజయా, నన్నొక్కదాన్ని బస్టాండులో దింపప్పా."

"గుడ్డల మూటలు యాడక్కా? కోడలు రాలేదే?"

"కోడలు యాడికొస్తాది? మూడో నెల నిండకుండా బాణంతిని కదిలిస్తారా ఎవురన్నా? మీ ఇంట్లో కదిలిస్తారేమో." అప్పుడు వెనక్కి తిరిగింది. "నారప్పన్నా, సోమవారం, గురువారం వస్తా. పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోతా. వియ్యంకుడింట్లో పడుండాదని ఎవురన్నా అంటే, మోకాళ్ళకు వైద్యం చేయించుకుంటాండా అని చెప్పు. అబద్ధం గూడా కాదు."

"అక్కా..." అన్నాడు నారప్ప.

"ఆ కంబళి ఎండలో ఆరెయ్యి ముందు. బాణంతికని కొన్న కంబళి నువ్వు కప్పుకున్నావు, సిగ్గు లేకుండా" అంటూ ఆమె ఆటో ఎక్కింది. కమ్మీ పట్టుకోకుండానే.

సోమవారం ఊళ్ళో బేకరీ మాట ఎత్తిన వాడే వచ్చి, తన భార్య నడుము నొప్పి గురించి నందీష్‌తో గుసగుసగా మాట్లాడి పోయాడు.

అదే రోజు పొద్దున బస్సుకు నరసక్క వచ్చింది. చంకలో ఒక పెయింటు డబ్బా. అందులో మట్టి, మట్టిలో జానెడు ఎత్తున బూడిద రంగు ఆకులు. డబ్బాను నారప్ప చేతికిచ్చి, కోడలి దగ్గరికి పోయింది.

నారప్ప దాన్ని గది వెనక, స్నానం నీళ్ళు పారే చోట పెట్టాడు. గొంతు కూచొని ఒక రెబ్బ తుంచి వేళ్ళ మధ్య నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకొని కళ్ళు మూసుకున్నాడు. ఈసారి అందింది.

"నాయనా, చెంబు!" అని గదిలోంచి కూతురు కేకేసింది.

"వస్తాండా" అన్నాడు అతను. ఆ రెబ్బను చెవి మీద పెట్టుకొని లేచాడు.